తుక్కులోంచి లేచిన ఏనుగులు

చెప్పులతో రాకండి, బూట్లు వేసుకోండి. గడ్డి మోకాలి దాకా పెరిగింది. దాని కింద ఏముందో తెలీదు. చిరిగిన అల్యూమినియం రేకు కాలికి తగిలితే బ్లేడు తగిలినట్టే. పాముల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇది కాన్పూరు శివారులో ఉన్న చకేరి విమానాశ్రయం. సంవత్సరం 1948. రన్‌వేకి దూరంగా, ఈ బీడు నేలలో, మీ ఎదురుగా వంద దాకా విమానాలు పడి ఉన్నాయి. నిలబడి ఉన్నాయని అనబుద్ధి కాదు. ఒకటి ముక్కు నేలకి ఆనించి గొంతుక్కూర్చుంది. ఇంకొకటి పక్కకి ఒరిగి రెక్క కొసని మట్టిలో గుచ్చింది. తోక దగ్గర మాత్రం అన్నిటికీ ఒకటే పోలిక, కోడిగుడ్డు ఆకారంలో నిలువుగా రెండేసి పలకలు. ఆ జంట పలకల్ని బట్టే పోల్చుకోవచ్చు. ఇవి లిబరేటర్లు, అమెరికా వాళ్ళ బీ-24 భారీ బాంబర్లు.

దగ్గరికి నడవండి. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 110 అడుగులు. మూడు నాలుగు పెంకుటిళ్ళు పక్కపక్కన పట్టేంత జాగా. నాలుగు ఇంజన్లు, ఒక్కోటీ 1,200 గుర్రాల బలం. లోపల ఏమీ వెయ్యకపోయినా బరువు పదహారు టన్నులు దాటుతుంది. యుద్ధం రోజుల్లో అమెరికా వీటిని 18,000కి పైగా చేసింది. ఆ దేశం మరే యుద్ధవిమానాన్నీ అన్ని చెయ్యలేదు. డెట్రాయిట్ దగ్గర విల్లో రన్‌లో ఫోర్డు కార్ల కంపెనీ కట్టిన ఫ్యాక్టరీ మంచి జోరులో ఉన్నప్పుడు గంటకొక లిబరేటర్ని బయటికి తోసేది.

గంటకొకటి పుట్టినవి ఇక్కడ ఎలా చచ్చాయో చూడండి. పొట్ట రేకు మీద చెయ్యి పెట్టండి. ఆ కన్నం గుండు దెబ్బ కాదు, గునపం పోటు. పైకెక్కి కాక్‌పిట్‌లోకి తొంగి చూస్తే మీటర్ల అద్దాలన్నీ పగిలి ఉన్నాయి, ఎవరో పనిగట్టుకుని సుత్తితో కొట్టినట్టు. ఇంజను సందులో వేలు పెట్టి తియ్యండి. ఇసుక. గాలికి చేరిన దుమ్ము కాదు, డబ్బాతో తెచ్చి పోసిన ఇసుక.

ఇది శత్రువు చేసిన పని కాదు. వీటిని నడిపిన బ్రిటిష్ వాయుసేన వాళ్ళే చేశారు, పై నుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం. పెళ్ళికి గుండిగలు అద్దెకి తెచ్చుకుంటాం కదా, పెళ్ళయ్యాక తోమి తిరిగిచ్చెయ్యాలి. యుద్ధంలో అమెరికా తన మిత్రులకి విమానాలు ఇచ్చింది దాదాపు ఆ లెక్కనే. లెండ్-లీజ్ అన్నారు దాన్ని. యుద్ధం అయిపోయింది. వేల విమానాల్ని సముద్రాలు దాటించి వెనక్కి తీసుకుపోవడం అమెరికాకి దండగ ఖర్చు. డబ్బిచ్చి కొనుక్కునే స్తోమత బ్రిటన్‌కి లేదు. ఊరికే వదిలేస్తే మరెవరైనా వాడుకుంటారు. మిగిలిన దారి ఒకటే, పనికిరాకుండా చెయ్యడం. కొన్ని చోట్ల సముద్రంలోకి తోసేశారు. కాన్పూరుకి సముద్రం లేదు కాబట్టి గునపాలూ ఇసుకా వచ్చాయి.

అంతకు మూడు నాలుగేళ్ళ ముందు ఇవే విమానాలు బెంగాల్ నుంచి, ఒరిస్సా నుంచి లేచి బంగాళాఖాతం దాటి పోయేవి. 1944 అక్టోబరులో మిడ్నపూరు వైపున్న దిగ్రి నుంచి బయల్దేరిన 159వ స్క్వాడ్రన్ లిబరేటర్లు మలయాలోని పెనాంగ్ రేవులో సముద్రపు మందుపాతరలు చల్లి వచ్చాయి. పోను రాను దాదాపు అయిదు వేల కిలోమీటర్లు. లేచిన మనిషి మళ్ళీ నేల మీద కాలు పెట్టేసరికి ఒక పగలూ ఒక రాత్రీ కరిగిపోయేవి. 1945లో సయాం-బర్మా రైలుదారి వంతెనల మీద బాంబులు వేసిందీ లిబరేటర్లే. ఇక్కడ ఒక మాట ఆగి చెప్పుకోవాలి. ఆ దారి వెయ్యడానికి జపాన్ సైన్యం మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన కూలీల్లో ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కలరాకీ ఆకలికీ ఎంతమంది పోయారో. వంతెన కట్టినవాడి చెమటా, కూల్చినవాడి బాంబూ రెండూ ఒకే చరిత్ర పుస్తకంలో ఉంటాయి. కానీ పుస్తకం బాంబుకి పేజీలు ఎక్కువ ఇస్తుంది.

సరే, గడ్డిలోకి వద్దాం. ఎవరో వస్తున్నారు.

ఖాకీ నిక్కర్లు, గ్రీజు చొక్కాలు, చేతుల్లో పనిముట్ల పెట్టెలు. బెంగుళూరు నుంచి వచ్చిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మనుషులు. మనం ఇవాళ హెచ్‌ఏఎల్ అని పిలిచే సంస్థే. వాళ్ళెందుకు వచ్చారో తెలియాలంటే ఆ ఏడాది ఢిల్లీకి ఉన్న ఇరుకు తెలియాలి. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కాలేదు, కాశ్మీరులో యుద్ధం నడుస్తోంది. వాయుసేనకి ఒక్క భారీ బాంబరు లేదు. మూటలూ మనుషులూ మోసే డకోటాల్లో బాంబులు ఎక్కించి, పక్క తలుపు దగ్గర నిలబడి చేతులతో కిందికి దొర్లించిన రోజులవి. బయటి దేశం నుంచి బాంబర్లు కొనాలంటే విదేశీ డబ్బు కావాలి. అంత డబ్బు ఎక్కడిది? అప్పుడు ఎవరికో చకేరి గడ్డి గుర్తొచ్చింది.

తుక్కు కొనేవాడు సైతం కిలోల లెక్కన బేరమాడే ఈ సామాన్లోంచి బాంబర్ల స్క్వాడ్రన్ తీస్తామని వీళ్ళు అంటున్నారు. పిచ్చి మాటలా వినిపిస్తుంది. అయితే వీళ్ళకి ఇవి కొత్త కాదు. 1940 డిసెంబరులో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి పెట్టిన ఆ ఫ్యాక్టరీ యుద్ధకాలంలో అమెరికా సైనిక విమానాల రిపేరు షెడ్డుగా మారింది. నీటి మీద వాలే కాటలీనా విమానాలు బెల్లందూరు చెరువులో దిగి అక్కడికి వైద్యానికి వచ్చేవి. (ఇవాళ బెల్లందూరు చెరువు నురగ చూసినవాళ్ళు ఈ వాక్యం నమ్మరు.) అమెరికా ఇంజన్లని వేలకొద్దీ గంటలు విప్పి బిగించిన చేతులు ఇవి. మాన్యువల్ చదివి నేర్చుకున్నది కొంత, వేళ్ళు నేర్చుకున్నది చాలా.

వాళ్ళు ముందు ఏమీ విప్పరు. ఊరికే తిరుగుతారు. సంతలో ఎద్దుని కొనేవాడు చూసినట్టు చూస్తారు. తట్టి వింటారు, వంగి చూస్తారు, తల అడ్డంగా ఊపుతారు, ఇంకోదాని దగ్గరికి పోతారు. రెక్కని లోపల నిలబెట్టే వెన్నుగాడి విరిగిందా, అది పోయింది. వెన్నుగాడి బాగుండి రేకు మాత్రం చిరిగిందా, అది బతుకుతుంది. దీని ఇంజను, దాని చక్రం, అవతలదాని మీటరు. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోతారు. వంద శవాల్లోంచి నలభై ప్రాణాలు లెక్క తేలుతుంది, కొంచెం అటూ ఇటూగా.

బెంగుళూరు షెడ్డులో తెలుగు మాట వినపడకపోతే ఆశ్చర్యపోవాలి. కాబట్టి నేను ఒక ఫిట్టరుకి ఇక్కడ మాట ఇస్తున్నాను, కోలారు వైపు మనిషి అనుకోండి. పక్కన ఉన్న కుర్రాడు అడుగుతాడు, "ఏమ్నా, ఇది నిజంగా లేస్తాదంటావా?"

ఆయన ప్లగ్గు ఊడబీకుతూనే అంటాడు, "లేసేదాని సంగతి నువ్వెందుకు అడుగుతావప్పా. ముందు తిరుగుతాదేమో సూడు."

తిరగడమే పెద్ద పని. ఈ ఇంజనుకి పధ్నాలుగు సిలిండర్లు, పూల రేకుల్లా గుండ్రంగా రెండు వరసల్లో. సిలిండరుకి రెండు ప్లగ్గులు. విమానానికి మొత్తం 112. నెలల తరబడి నిలబెడితే నూనె అడుగు సిలిండర్లలోకి దిగి నిలిచిపోతుంది. దాన్ని చూసుకోకుండా స్టార్ట్ చేస్తే రాడ్డు వంగిపోతుంది. అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి పంకా రెక్కని భుజంతో నెడుతూ చేత్తో తిప్పుతారు, బావి దగ్గర మోట తోలినట్టు నెమ్మదిగా. ఒక్కో రెక్క ముందుకొచ్చినప్పుడల్లా లోపల నుంచి ముసలివాడి దగ్గులాంటి చప్పుడు. మీరు కూడా ఒక భుజం వెయ్యండి. ఎండకి కాలిన లోహం చొక్కా మీదుగా చుర్రుమంటుంది.

ఇప్పుడు లోపలికి. లిబరేటర్‌లోకి ఎక్కే దారి తలుపు కాదు, బాంబుల గది. దాని కిందిభాగం కిరాణా కొట్టు షట్టరులాగా పక్కలకి చుట్టుకుని పైకి పోతుంది. వంగి దూరండి. రెండు వైపులా బాంబులు వేలాడదీసే నిలువు పట్టీలు, నడుమ జానెడు వెడల్పు నడకదారి. పొరపాటున అడుగు షట్టరు మీద వేస్తే అది మీ బరువు ఆపదు. గాల్లో ఉండగా ఆ పొరపాటు చేసినవాళ్ళ కథలు యుద్ధంలో చాలా చెప్పుకునేవాళ్ళు. ముందుకి పాక్కుంటూ పోతే కాక్‌పిట్. పెట్రోలు వాసన గుప్పున కొడుతుంది. కొత్త లిబరేటర్లో కూడా ఆ వాసన ఉండేది. ఆవిరి పోవడానికి బాంబుల షట్టరు జానెడు తెరిచి ఎగిరే అలవాటు చాలామందికి ఉండేది. వెనక గోడకి నిలువుగా గాజు గొట్టాలు, ట్యాంకుల్లో పెట్రోలు ఎంతుందో చూసుకోవడానికి. అవైనా పగలకుండా మిగిలాయా అని చూడండి.

ఎడం చేతి సీట్లో కూర్చున్న మనిషిని పరిచయం చెయ్యాలి. జంషెడ్ కైకోబాద్ మున్షీ. అందరికీ జిమ్మీ మున్షీ. పార్సీ. హెచ్‌ఏఎల్ టెస్ట్ పైలట్. టెస్ట్ పైలట్ అంటే ఫ్యాక్టరీ చేసిన కొత్త విమానాన్ని మొదట నడిపేవాడు. ఫ్యాక్టరీ ఇంకా ముట్టుకోని విమానాన్ని, వేరేవాళ్ళు కావాలని పాడుచేసిన విమానాన్ని, ఫ్యాక్టరీ దాకా ఎగరేసుకుపోయేవాడికి ఏ పేరు పెట్టాలో నాకు తెలీదు. ఇక్కడ గడ్డిలో చేసినవన్నీ పై పై పనులే, గాల్లోకి లేచి బెంగుళూరు దాకా పోవడానికి ఎంత కావాలో అంతవరకే. అసలు మరమ్మత్తు అక్కడ. ట్రయల్ అంటూ విడిగా ఏమీ లేదు. చకేరి నుంచి బెంగుళూరుకి పోవడమే ట్రయల్.

ముందు మూడో ఇంజను స్టార్ట్ చేస్తారు. లిబరేటర్‌లో అదే వరస. బ్రేకులకీ షట్టర్లకీ కావలసిన హైడ్రాలిక్ పంపు దాని మీదే ఉంటుంది. స్విచ్చి నొక్కితే లోపల ఒక చక్రం సన్నగా కూనిరాగం తీస్తూ వేగం అందుకుంటుంది. రెండో స్విచ్చి. పంకా ఒక్క ఉదుటున కదిలి ఆగుతుంది. మళ్ళీ కదులుతుంది. తెల్లటి పొగ మేఘంలా గడ్డి మీద పరుచుకుంటుంది. దగ్గు, దగ్గు, తుమ్ము, ఆ తరవాత ఒక్కసారిగా గర్జన. మీ పక్క రేకులన్నీ పళ్ళు కొరికినట్టు వణుకుతాయి. తరవాత నాలుగోది, రెండోది, ఒకటోది. కింద నుంచి ఎవరో చెయ్యి ఊపుతున్నారు. పొగలో ఎవరో కనిపించదు.

రన్‌వే మొదట్లో బ్రేకులు పట్టి నాలుగు థ్రాటిళ్ళూ ముందుకి తోస్తే విమానం ఉన్నచోటే ఊగిపోతుంది. మీరు ఏ మీటరు చూడాలో చెప్పేవాళ్ళు లేరు, సగం మీటర్లు పని చెయ్యవు కనక. చెవులు చూసుకోవాలి. నాలుగు గొంతుల్లో ఒకటి అపశ్రుతి పలుకుతోందా? లేదు. మున్షీ బ్రేకులు వదిలాడు. చక్రాలు గతుకుల మీద దడదడలాడతాయి. గడ్డి, తుక్కు, గడ్డిలో మిగిలిన తోబుట్టువుల జంట పలకలు పక్క నుంచి వెనక్కి పరిగెడతాయి. ముక్కు లేస్తుంది. దడదడ ఆగిపోతుంది. గంగ ఒడ్డున కాన్పూరు మిల్లుల పొగగొట్టాలు రెక్క కింద అడ్డంగా వాలతాయి.

ఇక పటం తియ్యండి. చకేరి మీద ఒక చుక్క, బెంగుళూరు మీద ఒక చుక్క పెట్టి స్కేలుతో గీత గీస్తే 1,500 కిలోమీటర్లు. లిబరేటర్‌కి దాదాపు అయిదు గంటల దారి. ఆ గీత నాగపూరు మీదుగా వస్తుంది. గోదావరి దాటుతుంది. సరిగ్గా హైదరాబాద్ నెత్తి మీదుగా పోతుంది. కృష్ణ, తుంగభద్ర, కర్నూలు, అనంతపురం వైపు ఎర్రనేలలు, ఆ తరవాత బెంగుళూరు. అంటే ఈ కథ నడిమి భాగమంతా మన ఆకాశంలో ఉంది. ఇది చూసిన రోజు నుంచి ఆ గీతని నేను మరిచిపోలేకపోతున్నాను.

ఆ ఏడాది ఆ గీత కింద ఉన్న నేల మామూలు నేల కాదు. సెప్టెంబరు 17కి ముందు అయితే మీ కింద ఉన్నది నిజాం రాజ్యం, చుట్టూ భారత సైన్యం. తరవాత అయితే అదే నేల, అవే చెరువులు, పైన జెండా వేరు. వేసవిలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వాడు కరాచీ నుంచి రాత్రిపూట నిజాంకి దొంగతనంగా ఆయుధాలు మోసేవాడు. బీదరులోనూ మన వరంగల్లులోనూ దించేవాడు. ఆయన వాడిన లాంకాస్ట్రియన్ విమానం కూడా భారీ బాంబరు సంతానమే. లాంకాస్టర్ బాంబరుకి తుపాకులు పీకేసి సామాన్ల బండిగా మార్చింది. అలా ఒకే ఏడాది దక్కను ఆకాశంలో రెండు రకాల రిటైరైన బాంబర్ల కథ ఉంది. ఒకటి ఉన్న రాజ్యాన్ని నిలబెట్టుకోవడానికి, ఒకటి కొత్త రాజ్యాన్ని నిలబెట్టడానికి.

బాంబర్లతో హైదరాబాద్ చుట్టరికం అంతకన్నా పాతది. 1918లో ఏడో నిజాం డబ్బిచ్చి కొనిపెట్టిన డీహెచ్-9ఏ విమానాలతో బ్రిటిష్ వాళ్ళ 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్సుకి వెళ్ళి జర్మనీ ఊళ్ళ మీద బాంబులు వేసింది. అప్పటి నుంచి ఆ స్క్వాడ్రన్ పేరులో 'హైదరాబాద్' చేరింది. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడు, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ నౌకల మీదికి మొదటి దాడికి వెళ్ళినవాళ్ళలో ఆ హైదరాబాద్ స్క్వాడ్రన్ ఉంది. గోల్కొండ కింద పన్ను కట్టిన రైతుకి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

మీరు మాత్రం కిందికి చూడండి. హుస్సేన్‌సాగర్ పళ్ళెంలా మెరిసి పక్కకి జరిగిపోతుంది. పైకి పోవాలని ఎవరికీ లేదు, ఇలాంటి విమానంలో ఎంత కిందుంటే అంత ధైర్యం. గాలి గతుకులకి ఆ పొడుగాటి సన్నటి రెక్కలు కొసల దగ్గర పైకీ కిందికీ ఊగుతాయి. భయపడకండి, బాగున్న లిబరేటర్ రెక్క కూడా అలాగే ఊగుతుంది. ఇది నడపడం అంటే భుజాలతో పని. ఏ మలుపు తిప్పాలన్నా కాళ్ళూ చేతులూ మొత్తం బలం పెట్టాలి. గంటల తరబడి నడిపి దిగిన పైలట్‌కి గ్లాసు ఎత్తితే చెయ్యి వణుకుతుంది. కర్నూలు దగ్గర తుంగభద్ర ఇసుక తెల్లగా కనపడుతుంది. మున్షీ కళ్ళు నాలుగు పంకాల మీద ఒకదాని తరవాత ఒకటి తిరుగుతూనే ఉంటాయి. ఇసుక తిన్న ఇంజనుకి కడుపునొప్పి ఎప్పుడు మొదలవుతుందో ఎవరికి తెలుసు.

దిగిన తరవాత ఆయన ఏం చేశాడనుకున్నారు? మళ్ళీ చకేరి వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ.

ఒక కథ చెప్పుకుంటారు. ఇంతలేసి విమానాల్ని బెంగుళూరు దాకా ఎలా చేరవేశారని ఇంగ్లీషువాళ్ళూ అమెరికావాళ్ళూ ఆరా తీశారట. రైళ్ళ మీదా, లారీల మీదా? ఎగరేసుకొచ్చాం అన్నారట మనవాళ్ళు. నిజమో, హాంగరులో టీ తాగుతూ పెంచుకున్నదో, నాకు నచ్చిన కథ ఇది. పాడుచేసినవాడికి తన పనితనం మీద ఉన్న నమ్మకం ఆ ప్రశ్నలో ఉంది.

బెంగుళూరు హాంగరులో ఆ విమానాల్ని ఎముకల దాకా విప్పారు. ఇసుక కడిగారు, కన్నాలకి మాటు వేశారు, వైర్లు కొత్తగా లాగారు. ఆ వివరాల్లోకి పోతే పుస్తకం అవుతుంది. మనం నేరుగా నవంబరుకి పోదాం.

1948 నవంబరు 2. మళ్ళీ కాన్పూరే. మళ్ళీ అదే నేల. ఈసారి విమానాలు గడ్డిలో లేవు, వరసగా నిలబడి ఉన్నాయి. చక్రాల మీద నిలబడి ఉన్నాయి. 5వ స్క్వాడ్రన్ ఆ రోజు పుట్టింది, భారత వాయుసేన మొదటి భారీ బాంబర్ల దళం. గుర్తు ఏనుగు, పేరు టస్కర్స్, అంటే దంతపుటేనుగులు. ఆ పేరుకి ఆ విమానాలు సరిపోయాయి. బరువు, నిదానం, దూరం నడిచే ఓపిక, మోసేదేదైనా మొయ్యడం. ఏనుగుకి ఉండే మొండితనం కూడా.

రెండు నెలలు తిరగకుండా, 1949 జనవరి 1న, కాశ్మీరులో కాల్పుల విరమణ వచ్చింది. ఏ యుద్ధం కోసం ఇంత హడావుడిగా గడ్డిలోంచి లేపారో ఆ యుద్ధం ఆగిపోయింది. బాంబర్ స్క్వాడ్రన్ల చరిత్రలు రాసేవాళ్ళు ఎన్ని టన్నుల బాంబులు, ఎన్ని ఊళ్ళు అని లెక్కలు వేస్తారు. ఆ లెక్కలో టస్కర్స్ లిబరేటర్ రోజులు పల్చగా కనపడతాయి. నాకది లోటుగా అనిపించదు. ఈ దళం తన పెద్ద యుద్ధం పుట్టకముందే చేసేసింది, చకేరికీ బెంగుళూరుకీ మధ్య. ఇది దేశభక్తి మాట అని మీరనుకుంటే అనుకోండి. రెంచి పట్టుకున్న మనుషుల పేర్లు లేని చరిత్ర చదివి చదివి విసిగినవాడి మాట ఇది.

1957లో 5వ స్క్వాడ్రన్ ఆగ్రాలో జెట్ బాంబర్లకి మారింది. ఇంగ్లీషు కాన్‌బెర్రా. ఆ తరవాతి కథ వేగంగా నడుస్తుంది. 1961లో ఐక్యరాజ్యసమితి పిలిస్తే ఆరు కాన్‌బెర్రాలు కాంగో వెళ్ళి కటాంగా తిరుగుబాటుదారుల వైమానిక స్థావరాల మీద పడ్డాయి. 1965 యుద్ధంలో రాత్రుళ్ళు పాకిస్తాన్ లోపలికి పోయాయి. స్క్వాడ్రన్ని నడిపిన వింగ్ కమాండర్ ప్రేమ్ పాల్ సింగ్‌కి మహావీర చక్ర ఇచ్చారు. ఇవాళ ఆ ఏనుగు గుర్తు అంబాలాలో జాగ్వార్ విమానాల మీద ఉంది. అది వేరే ఎత్తు, వేరే వేగం. నా మనసు పాత లిబరేటర్లతోనే ఉండిపోయింది. వాటి వెనకే పూణే పోదాం.

1951 జనవరిలో పూణేలో 6వ స్క్వాడ్రన్ లిబరేటర్లతో మళ్ళీ మొదలైంది. బాంబులకన్నా కళ్ళు ఎక్కువ అవసరమైన పని, సముద్రం మీద కాపలా. మీరు పక్క కిటికీ దగ్గర నిలబడండి. కింద అరేబియా సముద్రం ఇస్త్రీ చెయ్యని గుడ్డలా మైళ్ళకి మైళ్ళు. మొదటి గంట అందంగా ఉంటుంది. మూడో గంటకి అందం అయిపోతుంది. ఆరో గంటకి కళ్ళ ముందు లేని ఓడలు కనిపిస్తాయి. రాడార్ తెర మీద ఒక చుక్క వెలిగితే అందరూ లేచి కూర్చుంటారు, కిందికి దిగి చూస్తే చేపల పడవ. ఫ్లాస్కులో టీ చల్లారింది. గాలి పక్క కిటికీలోంచి నేరుగా పక్కటెముకల్లోకి పోతోంది. నాలుగు ఇంజన్ల మోత ఎంతసేపు విన్నారంటే, దిగిన తరవాత ఇంట్లో భార్య పిలిస్తే ఒకటికి రెండుసార్లు పిలవాలి.

ఇలాంటి కాపలా ఎందుకో విశాఖపట్నం పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగు మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్ళకి పారిపోయారు. సముద్రంలోంచి ఎవరు వస్తున్నారో ముందుగా చూసే కన్ను ఎంత అవసరమో అప్పుడే తెలిసింది.

పద్దెనిమిదేళ్ళు తిరిగాయి అలా. ప్రపంచంలో లిబరేటర్లు నడిపిన వాయుసేనలన్నీ ఒక్కొక్కటే వాటిని తుక్కు చేసేశాయి. అమెరికాలో కరిగించి గిన్నెలు చేశారు. కన్నాలు పొడిచి, ఇసుక పోసి వదిలేసిన ఆ నలభైలో కొన్ని మాత్రం పూణే నుంచి ఎగురుతూనే ఉన్నాయి. 1968 డిసెంబరు 31తో వాటి ఉద్యోగం ముగిసింది. ప్రపంచంలో ఆఖరున కొలువు దిగిన లిబరేటర్లు అవే.

అప్పుడు ప్రపంచం వరస కట్టింది. మ్యూజియంలో పెట్టుకోవడానికి లిబరేటర్ కావాలంటే ఇండియా తప్ప మరో చోటు దాదాపు లేకుండా పోయింది. కెనడా ఒక పాత లైసాండర్ విమానం మనకిచ్చి లిబరేటర్ తీసుకుపోయింది, అదిప్పుడు ఒట్టావాలో ఉంది. ఒకటి 1969లో ఎగురుకుంటూ అమెరికాలో అరిజోనా ఎడారి పక్కన టూసాన్‌కి పోయింది. ఇంకొకటి 1974లో ఇంగ్లండు వెళ్ళింది, బ్రిటిష్ వాయుసేన మ్యూజియానికి. పాడుచెయ్యమని ఆర్డరిచ్చిన ఇంటికే. మరొకటి పదేళ్ళకి పైగా ఎండకీ వానకీ ఇక్కడే పడి ఉండి, 1980ల్లో అమెరికా చేరి, 1989లో మళ్ళీ ఆకాశంలోకి లేచింది. దాని జన్మలో రెండోసారి.

మనకీ ఒకటి మిగిలింది. ఢిల్లీలో పాలం వాయుసేన మ్యూజియానికి రండి. కెనడా ఇచ్చిన లైసాండర్ కూడా అక్కడే ఉంది. లిబరేటర్ ఒంటి మీద HE అక్షరాలూ 924 అంకెలూ, అది మన వాయుసేన నంబరు. స్కూలు పిల్లలు మిగ్‌ల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. ఇటు ఎవరూ రారు, పెద్ద ఆకారం చూసి ఒకసారి ఆగి, బోర్డు సగం చదివి, పోతారు. మీరు మాత్రం పొట్ట దగ్గర వంగండి. రివెట్ల వరస మీద వేలు పెట్టి నడపండి, పైనుంచి కిందికి, మళ్ళీ వెనక్కి. రంగు పొరల కింద ఎక్కడో ఒక చోట రేకు కొంచెం ఎత్తుగా తగులుతుందేమోనని, గునపం దిగిన చోటు మీద వేసిన మాటు చేతికి తెలుస్తుందేమోనని వెతుకుతున్నారు.

"ముట్టుకోకూడదు సార్" అని వెనక నుంచి గార్డు కేకేస్తాడు.